పని నేర్చిన బిడ్డకు తొలి మూడు నెలలు తోడుందాం

(చెన్నైలో సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భాషోద్యమ సభలో మాట్లాడమని అడిగినప్పుడు నేను కొంత వెనుకాడాను. నేను పండితుణ్ణి కాను. అంబత్తూరు పారిశ్రామికవాడలో ఒక చిన్న లేత్ షెడ్డు నడుపుకొంటున్నవాణ్ణి. పద్నాలుగుమంది పనివాళ్లున్న షెడ్డు అది. అయినా చెప్పవలసిన మాట ఒకటి ఉన్నదని వచ్చాను.

ఇటువంటి వేదికలపై బడుల గురించి, పాఠ్యపుస్తకాల గురించి, పరీక్షల గురించి ఎంతో చర్చ జరిగింది. జరగవలసిందే. తమిళనాడులో 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక తరగతి చొప్పున పైకి పాకి, 2015-16 విద్యా సంవత్సరానికి పదో తరగతిని చేరింది. మన పిల్లలు తమ నుడిలో పరీక్ష రాసుకోవడానికి న్యాయస్థానాల మెట్లెక్కవలసి వచ్చింది. ఆ పోరాటం చేసినవారికి నేను చేతులెత్తి మొక్కుతాను. కాని బడి దాటిన తరువాత ఆ బిడ్డ ఎక్కడికి పోతున్నాడన్నది మనం తగినంతగా పట్టించుకోలేదు. సరిహద్దు ఊళ్లలో తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "తెలుగు చదివిస్తే మావాడికి పని ఎవరిస్తారు?" ఈ ప్రశ్నకు నినాదాలతో జవాబు చెప్పలేము. పని చూపించే జవాబు చెప్పాలి. ఆ పని ఇవ్వవలసినవారిలో నేనొకణ్ణి. నేనెలా తప్పానో ముందు చెప్పుకొంటాను.

ఒక కుర్రవాడి కథ

కొన్నేళ్ల క్రితం నగరి వైపునుండి ఒక కుర్రవాడు నా షెడ్డులో చేరాడు. తండ్రి మరమగ్గాల కార్మికుడు. కుర్రవాడు ఆంధ్రప్రదేశ్‌లోని ఒక ఐటీఐలో టర్నర్ ట్రేడు రెండేళ్లు చదివి ఉత్తీర్ణుడయ్యాడు. చేయి మంచిది. వెర్నియర్ పట్టుకొంటే 0.02 మిల్లీమీటరు తేడాను తడుముకోకుండా చెప్పేవాడు. తమిళం మాత్రం రాదు. మా మేస్త్రీ తమిళుడు, మంచి మనిషి, ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడు. అతనికి తెలుగు రాదు. రెండు వారాలు పోతే మాట అదే వస్తుందిలే అనుకొని నేను ఊరకున్నాను.

పదిహేడో రోజున గాలి గొట్టం ఒకటి బిగింపు ఊడి అటూ ఇటూ కొట్టుకోసాగింది. చుట్టూ యంత్రాల హోరు. మేస్త్రీ దూరంనుండి "వాల్వె మూడు! వాల్వె మూడు!" అని కేక వేశాడు. తమిళంలో 'మూడు' అంటే 'మూయి' అని అర్థం. మనవాడికి అది మూడో నంబరుగా వినిపించింది. గోడమీది వాల్వులకు నంబర్లు వేసి ఉన్నాయి. ఊడిన గొట్టం ఒకటో నంబరుది. అతడు మూడో నంబరు దగ్గరకు పరుగెత్తి దాన్ని కట్టివేశాడు. ఈలోగా గొట్టం చివరనున్న ఇత్తడి ముక్క వచ్చి అతని ముంజేతికి తగిలింది. నాలుగు కుట్లు పడ్డాయి. భయంలో ఉన్న మేస్త్రీ, "ఐటీఐ చదివి వాల్వు మూయడం కూడా తెలియదా" అని అందరి ఎదుట తిట్టాడు. మరునాడు కుర్రవాడు పనికి రాలేదు.

వారం తరువాత అతని తండ్రి వచ్చాడు, రావలసిన కూలి అడిగి తీసుకోవడానికి. తగవు పడలేదు. వెళ్తూ వెళ్తూ ఒక్క మాట అన్నాడు: "వానికి పని రాక కాదు సార్, మాట తెలీక."

ఆ రాత్రి నేను షెడ్డులో ఒంటరిగా కూర్చొని గోడలు చూశాను. ఒడిశా, బీహారులనుండి వచ్చిన పనివాళ్లకోసం హిందీలో హెచ్చరిక పలక పెట్టించాను. తమిళంలో ఉన్నది, ఇంగ్లీషులో ఉన్నది. తెలుగులో లేదు. తిరుత్తణి పక్క పల్లెలో తెలుగు ఇంట పుట్టినవాణ్ణి. 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్‌కూ మద్రాసు రాష్ట్రానికీ నడుమ సరిహద్దులు మార్చినప్పుడు, ఊరు కదలకుండానే మా నాన్నగారి రాష్ట్రం మారింది. అటువంటి ఇంటివాడి షెడ్డులో తెలుగు పలక లేకపోయింది. ఆ కుర్రవాడికి తగిలిన దెబ్బకు కారణం మేస్త్రీ కాదు, తమిళమూ కాదు. మొదటి రోజున ఒక పూట కేటాయించి వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి ఇరవై మాటలు పరస్పరం నేర్పించని నా అశ్రద్ధ.

చిన్న యజమాని భయాలు

ఐటీఐ పిల్లలను తీసుకోమంటే చిన్న యజమానులు ఎందుకు జంకుతారో నాకు తెలుసు. చెన్నైలో చిన్న పరిశ్రమకు చరిత్ర తక్కువ కాదు. గిండీ పారిశ్రామికవాడ 1958లో, అంబత్తూరు 1964లో మొదలయ్యాయి. పెద్ద కర్మాగారాలకు విడిభాగాలు చేసిపెట్టే వేలాది చేతులు ఈ షెడ్లలోనే పని నేర్చుకొన్నాయి. కాని పెద్ద కర్మాగారానికి ప్రత్యేకంగా శిక్షణ విభాగం ఉంటుంది. మావంటివారికి ఉండదు. యజమానే గుమాస్తా, యజమానే కొనుగోలుదారు, ఒక్కొక్కసారి యజమానే వెల్డరు. కొత్తవాడికి నేర్పాలంటే ఉన్న ఒక్క మంచి పనివాడిని యంత్రం దగ్గరనుండి తప్పించాలి. ఇది మొదటి భయం. కాగితాల బెడద రెండోది. డబ్బు మూడోది. నేర్పిన తరువాత పెద్ద కంపెనీకి పోతాడన్నది నాలుగోది.

వీటిలో రెండో, మూడో భయాలు చాలావరకు తెలియకపోవడంవల్ల కలిగేవి. అందుకని చట్టం గురించి నాలుగు మాటలు చెబుతాను.

అప్రెంటిస్‌ల చట్టం 1961లో వచ్చింది. 2014లో దాన్ని గణనీయంగా సవరించారు. 2019లో సవరించిన నియమాల ప్రకారం ముప్పైమంది, అంతకుమించి పనివాళ్లున్న సంస్థలు అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. నలుగురినుండి ఇరవై తొమ్మిదిమంది వరకు ఉన్న చిన్న సంస్థలకు నిర్బంధం లేదు, కాని తీసుకొనే హక్కు ఉన్నది. మొత్తం సిబ్బందిలో 15 శాతం వరకు తీసుకోవచ్చు. పద్నాలుగుమంది ఉన్న నా షెడ్డు ఇద్దరిని పెట్టుకోవచ్చునన్నమాట. ఈ సంగతి నాకు చాలాకాలం తెలియదు. అది పెద్ద కంపెనీల చట్టమనే అనుకొన్నాను.

స్టైపెండు లెక్క చూడండి. 2019 నియమాలు ఐటీఐ సర్టిఫికెట్ ఉన్న అప్రెంటిస్‌కు నెలకు కనీసం 7000 రూపాయలు నిర్ణయించాయి. 2016 ఆగస్టులో ప్రారంభమైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం స్టైపెండులో 25 శాతం, నెలకు 1500 రూపాయలకు మించకుండా, కేంద్ర ప్రభుత్వం భరించే ఏర్పాటు చేసింది. 7000లో 25 శాతమంటే 1750. పరిమితి 1500 కాబట్టి యజమాని చేతినుండి పోయేది 5500. 2023లో ప్రభుత్వ వాటాను నేరుగా అప్రెంటిస్ బ్యాంకు ఖాతాలో వేసే పద్ధతి వచ్చింది. రేట్లు మారుతూ ఉంటాయి కనుక ఒప్పందం రాసుకొనేముందు ఆనాటి రేటు చూసుకోవాలి. ఐటీఐలో అదే ట్రేడు పూర్తిచేసినవారికి ప్రాథమిక శిక్షణ మళ్లీ ఇవ్వవలసిన పని లేదు. శిక్షణ విభాగం లేని చిన్న షెడ్డుకు ఇది పెద్ద వెసులుబాటు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఆ చట్టంలోని 8వ సెక్షనులో ఉన్నది. కొందరు యజమానులు కలిసి, తామే గాని, ఆమోదం పొందిన ఒక సంస్థ ద్వారా గాని, అప్రెంటిస్‌లకు శిక్షణ ఇవ్వవచ్చు. నా దగ్గర లేత్ ఉన్నది, మిల్లింగ్ యంత్రం లేదు. పక్క షెడ్డులో మిల్లింగ్ ఉన్నది, గ్రైండింగ్ లేదు. ముగ్గురం కలిస్తే ఒక పూర్తి శిక్షణాలయం అవుతుంది. జర్మనీలో చిన్న సంస్థలు చేసేది ఇదే. అక్కడి 1969 నాటి వృత్తి శిక్షణ చట్టం కింద యువకుడు కొంత సమయం సంస్థలో పని నేర్చుకొంటాడు, కొంత సమయం వృత్తి పాఠశాలలో చదువుకొంటాడు. పరీక్ష నిర్వహించేది వాణిజ్య, చేతివృత్తుల మండళ్లు. అన్నీ నేర్పలేని చిన్న సంస్థలు ఒక కూటమిగా ఏర్పడి ఒకే అప్రెంటిస్‌ను పంచుకొంటాయి. మన చట్టంలో దారి ఉన్నది. నడిచేవాళ్లు తక్కువ.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. చట్టం దృష్టిలో అప్రెంటిస్ నేర్చుకొనేవాడు, కార్మికుడు కాదు. దీన్ని అదనుగా తీసుకొని చవక కూలీగా వాడుకొనే యజమానులూ ఉన్నారు. టర్నర్ ట్రేడు చదివినవాడిచేత ఏడాది పొడుగునా లోడు దింపించి, టీ తెప్పించి పంపినవాడు యజమాని కాదు, దోపిడీదారు. శిక్షణ కాలంలో గాయమైతే పరిహారం చెల్లించే బాధ్యత యజమానిదేనని అదే చట్టం చెబుతున్నది.

పోతాడనే భయం

నాలుగో భయానికి చట్టంలో జవాబు లేదు. అనుభవంలో ఉన్నది. మొదటి కుర్రవాడు వెళ్లిపోయాక నా పద్ధతి మార్చుకొన్నాను. పళ్లిపట్టు వైపునుండి మరో ఐటీఐ కుర్రవాడు వచ్చాడు. ఇతనికి తమిళం బాగా వచ్చు. తెలుగు ఇంట్లో మాట్లాడతాడు, చదవలేడు. మేస్త్రీతో ఇబ్బంది లేదు. కాని ఇంగ్లీషులో ఉన్న డ్రాయింగు చూసి అర్థం కాకపోతే అడిగేవాడు కాదు. మాట తెలిసినా నోరు రాలేదు. రోజూ సాయంత్రం పది నిమిషాలు నేను అతనితో తెలుగులో మాట్లాడేవాణ్ణి: ఈ రోజు ఏం చేశావు, ఏది పాడైంది, ఎందుకు పాడైంది. ఇంటి భాషలో అడిగేసరికి తప్పు ఒప్పుకోవడానికి భయం పోయింది. తప్పు దాచని పనివాడు షెడ్డుకు ఎంత మేలు చేస్తాడో యజమానులకు వేరే చెప్పనక్కరలేదు.

అతడు రెండేళ్లు చేసి ఒక పెద్ద కర్మాగారానికి వెళ్లిపోయాడు. నాకు బాధ కలిగింది, దాచుకోను. కాని వెళ్లేముందు తన చిన్నాన్న కొడుకును తెచ్చి, "వీడికీ నాకు నేర్పినట్లే నేర్పండి సార్" అని అప్పగించాడు. ఆ రోజునుండి నేను పనివాళ్లకోసం ప్రకటన ఇవ్వలేదు. మంచి పేరున్న షెడ్డుకు మనుషులు రావడం ఆగదు. చిన్న పరిశ్రమకు ఇంతకంటె లాభమేమున్నది?

మన వెనుకటివారు చేసినది

ఇది చెన్నై తెలుగువారికి కొత్త పని కాదు. ఈ నగరంలో 1854లో వావిళ్లవారి ముద్రణాలయం పుట్టింది. అచ్చుకూటాల కాలంలో తెలుగు అక్షరం తెలియడమే ఒక వృత్తికి పెట్టుబడి. కంపోజింగ్ నేర్చిన కుర్రవాడికి భాషే అన్నం పెట్టింది. 1937లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నెలకొల్పినప్పుడు చదువునూ చేతిపనినీ విడదీయలేదు. బడి మానిన ఆడబిడ్డ ఇంటి భాషలో ధైర్యం తెచ్చుకొని పరీక్షకు కూర్చోవాలి, చేతిలో ఒక పని కూడా ఉండాలి అన్నది ఆమె ఆలోచన. ఆ ఆలోచన ఈనాటికీ చెల్లుతుంది. వృత్తి శిక్షణ అనగానే మగపిల్లలనే తలచుకొంటున్నాం. ఎలక్ట్రానిక్స్, డ్రాఫ్ట్స్‌మన్, కుట్టుపని ట్రేడులు చదివిన ఆడపిల్లలు సరిహద్దు ఊళ్లలో ఇళ్లవద్దనే ఉండిపోతున్నారు. వారికి కావలసినది భద్రమైన వసతి, సాయంత్రం రైలుకు అందే పనివేళ. ఈ రెండూ చిన్న యజమాని చేతిలో ఉన్నవే.

మనం చేయగలిగినవి

ఉద్యమం ముందు నాలుగు పనులు పెడుతున్నాను. ప్రభుత్వం దిగిరావలసిన పనులు కావివి.

మొదటిది, మాటల చిట్టా. షెడ్డులో ప్రాణం కాపాడే వంద మాటలను తెలుగులోనూ తమిళంలోనూ పక్కపక్కన అచ్చువేద్దాం. రెండు భాషలూ తోబుట్టువులు. దగ్గరి పోలికవల్లనే పొరపాటు జరుగుతుంది. 'మూడు' సంగతి చెప్పాను. తమిళంలో 'పోదుం' అంటే 'చాలు'. మనవాడికి అది 'పోదాం' అన్నట్లుంటుంది. 'తూక్కు' అంటే 'ఎత్తు'. మనవాడు తూకం వేయమన్నారేమో అనుకొంటాడు. 'ఇఱక్కు' అంటే 'దించు', 'కళట్టు' అంటే 'విప్పు', 'నిఱుత్తు' అంటే 'ఆపు'. క్రేను కింద నిలబడిన పిల్లవాడికి ఈ మాటలు వ్యాకరణం కాదు, రక్షణ కవచం. ఆ చిట్టా మేస్త్రీకి కూడా ఇవ్వాలి. మన బిడ్డ తమిళం నేర్చుకోవడం ఎంత అవసరమో, 'ఆపు', 'జాగ్రత్త', 'వద్దు' అన్న మూడు తెలుగు మాటలు మేస్త్రీకి తెలియడమూ అంతే అవసరం. మాకు తమిళంపై కక్ష లేదు. అది మేము బ్రతుకుతున్న నేల భాష.

రెండవది, తోడు మనిషి. పనిలో చేరినవాడు నిలుస్తాడా పోతాడా అన్నది తొలి మూడు నెలల్లో తేలిపోతుంది. ఆ మూడు నెలలు వారానికొకసారి అతణ్ణి కలిసి, యజమానినీ కలిసి, ఇద్దరి ఫిర్యాదులూ వినే పెద్దమనిషి కావాలి. ఉద్యోగ విరమణ చేసిన తెలుగు కార్మికులు, ఉపాధ్యాయులు పాడిలో, కొరట్టూరులో, పెరంబూరులో ఎందరో ఉన్నారు. ఆదివారం ఒక గంట చాలు.

మూడవది, వసతి. చెన్నైలో తొలి జీతం రాకముందే గదికి అడ్వాన్సు కట్టవలసి వస్తుంది. మన సంఘాలకు కల్యాణ మండపాలున్నాయి, సత్రాలున్నాయి. సన్మానాలకు శాలువలు కొనడానికి వెచ్చించే డబ్బులో కొంత పదిమంది పిల్లల తొలి నెల అద్దెకు కేటాయిస్తే భాషకు అంతకుమించిన సన్మానం ఉండదు. ఆ శాలువలు కప్పించుకొన్నవారిలో నేనూ ఉన్నాను కనుక ఈ మాట అనగలుగుతున్నాను.

నాలుగవది, కాగితాల సాయం. ఐటీఐ పిల్లల అప్రెంటిస్‌షిప్ నమోదు ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటులో జరుగుతుంది. డిప్లొమా, ఇంజనీరింగ్ పట్టభద్రుల వ్యవహారం తరమణిలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ మండలి చూస్తుంది. చిన్న యజమానికి ఇవి తెలుసుకొనే తీరిక లేదు. కంప్యూటరు తెలిసిన మన యువకులు ఇద్దరు నెలకొక శనివారం అంబత్తూరులో కూర్చొని పదిమంది యజమానుల నమోదు చేసిపెడితే అది భాషా సేవే.

తల్లిదండ్రులకు

తల్లిదండ్రులకు చివరగా కొన్ని మాటలు. బిడ్డను పనికి పంపేటప్పుడు అప్రెంటిస్‌షిప్ ఒప్పందం ప్రతి అడిగి తీసుకోండి. అసలు సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకండి, నకళ్లు ఇవ్వండి. స్టైపెండు బిడ్డ పేరున ఉన్న ఖాతాలోనే పడాలని పట్టుబట్టండి. అప్రెంటిస్‌షిప్ పూర్తయితే ఉద్యోగం తప్పక ఇవ్వాలని చట్టంలో లేదు. అందుకని ఆ సంస్థలో నేర్చుకొన్నవారిని తరువాత ఏం చేస్తున్నారో ముందే అడగండి. అడగడం అమర్యాద కాదు. మొదటి నెలలో బిడ్డ ఫోను చేసి వచ్చేస్తానంటే, వెంటనే రమ్మనకండి, తిట్టనూ తిట్టకండి. ఏం జరిగిందో మన నుడిలో నిదానంగా అడగండి.

నా షెడ్డులో ఇప్పుడు తెలుగు పలక ఉన్నది. వాల్వులమీద నంబర్లతోపాటు రంగులు కూడా వేయించాను. నగరి కుర్రవాడికి రెండుసార్లు కబురు పంపాను. రాలేదు. అతడిప్పుడు తండ్రి పక్కన మరమగ్గం నడుపుతున్నాడని తెలిసింది. రెండేళ్లు నేర్చిన టర్నర్ పని ఆ చేతుల్లో అలాగే ఉండిపోయింది. ఆ నష్టం అతనిది మాత్రమే కాదు, నాదీ మీదీ కూడా. ఇక్కడున్న తెలుగు యజమానులు ఒక్కొక్కరు ఒక్కొక్క బిడ్డను తీసుకొని మూడు నెలలు చేయి పట్టుకొని నడిపిస్తే, "తెలుగు చదివిస్తే పని ఎవరిస్తారు" అన్న ప్రశ్నకు ప్రతి ఊరిలో ఒక మనిషి జవాబుగా నిలబడతాడు.

ఈ సంవత్సరం నా షెడ్డులో రెండో స్థానం ఖాళీగా ఉన్నది. టర్నర్ గాని ఫిట్టర్ గాని పూర్తిచేసిన బిడ్డ ఉంటే, సభ ముగిశాక నాతో మాట్లాడండి.